ఇంట్లో హోమ్ థియేటర్ – మూడో పాఠం: ఆరు స్పీకర్లకీ చోటు

కిందటి రెండు పాఠాల్లో డిస్కు సంగతీ ప్లేయర్ సంగతీ చూశాం. ఈసారి స్పీకర్లు. అటక మీంచి పాత 5.1 సెట్టు (ఐదు స్పీకర్లు, ఒక వూఫర్) దించుకున్నవాళ్లకైనా, సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నవాళ్లకైనా ఒకటే మాట చెబుతాను. చవక సెట్టును సరైన చోట పెడితే, తప్పు చోట పెట్టిన ఖరీదైన సెట్టు కంటే బాగా పలుకుతుంది. కాబట్టి ఈ పాఠానికి కావలసినవి కొలత టేపు, చాక్‌పీస్, సోఫా జరపడానికి ఇంకో మనిషి.

అసలు పనిలోకి దిగేముందు రెండో పాఠం బాకీ ఒకటుంది. "సీడీ ఆడుతోంది, వీసీడీ ఆడుతోంది, డీవీడీ పెడితే మాత్రం నో డిస్క్ అంటోంది" అనే ఫిర్యాదు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. డిస్కులు చూడ్డానికి ఒకేలా ఉన్నా చదివే వెలుగు వేరు. సీడీని, వీసీడీని చదివేది 780 నానోమీటర్ల లేజర్. అది మన కంటికి దాదాపు ఆనదు. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ కావాలి. సీడీలో సమాచారం రాసి ఉన్న వరసకీ వరసకీ మధ్య 1.6 మైక్రాన్ల ఎడం ఉంటే డీవీడీలో 0.74 మాత్రమే. అందుకే 700 ఎంబీ పట్టే అదే సైజు డిస్కులో 4.7 జీబీ పట్టింది. రెండు పొరల డిస్కైతే 8.5 జీబీ. ప్లేయర్‌లో కనిపించే కటకం ఒకటే అయినా లోపల లేజర్లు సాధారణంగా రెండుంటాయి. ఎర్రది నీరసపడిపోతే సీడీలు మామూలుగా ఆడుతూనే ఉంటాయి, డీవీడీలు ఆగిపోతాయి. పైగా వరసలు అంత దగ్గరగా ఉన్నప్పుడు కటకం మీద సన్నటి దుమ్ము పొర ఉన్నా డీవీడీకే ముందు ఇబ్బంది. ప్లగ్గు పీకేసి, ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి కటకాన్ని ఒత్తకుండా తుడవండి. ఆరాక పెట్టి చూడండి. అప్పటికీ ఆడకపోతే లేజర్లతో సహా లెన్స్ యూనిట్ మార్చాల్సిందే. కళింగపట్నం, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో వెనక పిన్నులకి ఆకుపచ్చ చిలుం కూడా పడుతుంది. దాన్నీ అదే ఆల్కహాల్‌తో తుడవండి.

ఇక ఆరు స్పీకర్ల దగ్గరికి వద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, డిస్కులో ఆరు స్పీకర్లకీ విడివిడిగా ఆరు శబ్దాలు ఉన్నాయా అని. సినిమా డీవీడీ కవరు వెనక డాల్బీ డిజిటల్ 5.1 అనో, డీటీఎస్ అనో రాసి ఉంటే ఉన్నట్టే. వీసీడీలో ఉండేది రెండే. మన పెళ్లి డీవీడీల్లో కూడా దాదాపు ఎప్పుడూ రెండే, ఎందుకంటే కెమెరా మీదున్న మైకుతో రికార్డు చేసి, పైన సినిమా పాటలు అతికించేస్తారు. అక్కగారి పెళ్లి డిస్కు పెట్టి వెనక స్పీకర్లు మూగబోయాయని మెకానిక్‌ని పిలిపించేవాళ్లున్నారు. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు, లేని శబ్దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? రెండు శబ్దాల్లోంచి ఐదు పుట్టించే ప్రోలాజిక్ లాంటి మోడ్‌లు సెట్టులో ఉంటే వాడుకోవచ్చు. నా మటుకు నాకు పెళ్లి వీడియోకి మామూలు స్టీరియోనే హాయి.

5.1 అంటే ముందు మూడు, చెవుల పక్కన రెండు, ఆ చుక్క తర్వాత ఒకటి లోతు మోతలు పలికే వూఫర్‌ది. వూఫర్ వాటాకి వచ్చేది సుమారు 120 హెర్ట్జ్ లోపు మోతే కాబట్టి దాన్ని నిండు ఒకటిగా లెక్కపెట్టలేదు. ఈ ఆరింటినీ ఏమీ కుదించకుండా 48 కిలోహెర్ట్జ్, 16 బిట్లలో డిస్కులో పెడితే సెకనుకి 4.6 మెగాబిట్లు కావాలి. డీవీడీలో బొమ్మా శబ్దమూ అన్నీ కలిపి సెకనుకి దాటకూడని హద్దే 10.08 మెగాబిట్లు. అందులో దాదాపు సగం శబ్దానికే ఇచ్చేస్తే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. అందుకని డాల్బీ డిజిటల్ దాన్ని డీవీడీలో గరిష్ఠంగా 448 కిలోబిట్లకి కుదిస్తుంది, అంటే పదో వంతుకి. డీటీఎస్ పూర్తి రేటు సుమారు 1.5 మెగాబిట్లు, చాలా డిస్కుల్లో అందులో సగమే వాడారు. డీటీఎస్ గొప్పా డాల్బీ గొప్పా అని కాలేజీ కుర్రాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. రెండింటి మధ్య తేడా కంటే సోఫాని రెండడుగులు జరిపితే వచ్చే తేడా పెద్దది. అది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వైర్ల గురించి క్లుప్తంగా. ఎరుపు, తెలుపు పిన్నులు రెండే తగిలించి 5.1 రాలేదనుకోకండి. ఆ రెండింట్లో వెళ్లేవి రెండు శబ్దాలే. ప్లేయర్ వెనక ఆరు ఆడియో పిన్నులుంటే ఆరూ యాంప్లిఫయర్‌కి తగిలించి, ప్లేయర్ మెనూలో స్పీకర్ సెటప్‌ని 5.1 చేయండి, డౌన్‌మిక్స్ (ఆరింటినీ రెండుగా కలిపేయడం) ఆపేయండి. ఆప్టికల్ వైరుగానీ కోయాక్సియల్ వైరుగానీ వాడితే డిజిటల్ అవుట్‌పుట్ అన్నచోట బిట్‌స్ట్రీమ్ లేదా రా ఎంచుకోవాలి. అక్కడ పీసీఎం ఉంటే ఆరూ కలిసి రెండైపోయి వస్తాయి. కనెక్షన్లన్నీ బాగుండీ వెనక స్పీకర్లు పలకని ఇళ్లలో ఎక్కువసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. ఇంకోటి, శబ్దాన్ని ముందు టీవీకిచ్చి అక్కణ్ణుంచి యాంప్లిఫయర్‌కి తేకండి. ప్లేయర్ నుంచి నేరుగా యాంప్లిఫయర్‌కే ఇవ్వండి. టీవీకి బొమ్మ ఒక్కటి చాలు.

ఇప్పుడు టేపు తీయండి. విజయనగరం, శ్రీకాకుళం టౌన్లలో మామూలుగా కనిపించే హాలు తీసుకుందాం. వెడల్పు 10 అడుగులు, పొడవు 14. ఒక పొట్టి గోడకి టీవీ, ఎదురు గోడకి ఆనించిన సోఫా, పక్క గోడలో ఎక్కడో వీధి గుమ్మం. స్పీకర్లు ఐదూ టీవీ షోకేసులో వరసగా, దేవుడి పటాల్లా. ముందు వాటిని అక్కణ్ణుంచి దించండి.

ముందు కుడి ఎడమ స్పీకర్లు. పుస్తకాల్లో రాసే లెక్క ప్రకారం మీ తల దగ్గర్నుంచి ఒక్కోటి టీవీ మధ్యగీతకి 30 డిగ్రీలు పక్కకి ఉండాలి. అంటే మీరూ ఆ రెండు స్పీకర్లూ కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజం. 8 అడుగుల తాడు తీసుకుంటే లెక్కలు అక్కర్లేదు. స్పీకర్ల మధ్య ఒక తాడు, ఒక్కో స్పీకర్ నుంచి మీ తల దాకా ఒక్కో తాడు. అలా పెడితే మీరు స్పీకర్ల వరసకి 7 అడుగుల దూరంలో కూర్చుంటారు. 10 అడుగుల గోడకి 8 అడుగుల ఎడం సరిగ్గా సరిపోతుంది, అటూ ఇటూ ఒక్కో అడుగు మిగులుతుంది. చక్కగా కుదిరింది అనుకుంటాం. కానీ 14 అడుగుల గదిలో 7 అడుగులంటే నట్టనడుమ. వూఫర్ విషయంలో అంతకంటే చెడ్డ చోటు లేదు.

కారణం చెబుతాను, పాఠం మొత్తంలో నిదానంగా చదవాల్సింది ఇదే. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 40 హెర్ట్జ్ మోత తీసుకుంటే దాని ఒక్క అల పొడవు 8.6 మీటర్లు, అంటే 28 అడుగులు. మన గది పొడవు అందులో సరిగ్గా సగం. అప్పుడు అల ఎదురు గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తనతో తానే కలిసి గదిలో నిలబడిపోతుంది. పెరట్లో గోలెం నిండా నీళ్లుండగా అటూ ఇటూ ఊపి చూడండి. రెండు అంచుల దగ్గర నీళ్లు లేచి పడుతుంటాయి, నడుమ మట్టం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గదిలో 40 హెర్ట్జ్ కూడా అంతే. గోడల దగ్గర దద్దరిల్లిపోతుంది, నడుమ కూర్చున్నవాడికి దాదాపు వినపడదు. అందుకే నడుమ కూర్చున్న ఇంటాయన "వూఫర్ పనిచేయట్లేదు" అని వాల్యూమ్ పెంచుతుంటే, గోడ అవతల పక్కింటి మామ్మగారు "ఏటి బాబూ ఈ మోత" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

వెనక గోడకి ఆనుకుని కూర్చున్నా తంటాయే. అక్కడ ఆ ఒక్క మోత అతిగా పెరిగి, డ్రమ్మైనా బాంబైనా కారు డిక్కీ మూసినా ఒకటే బుమ్ అవుతుంది. మధ్యేమార్గం, టీవీ గోడ నుంచి 9 అడుగుల దగ్గర కూర్చోవడం. వెనక 5 అడుగులు మిగులుతుంది, మనుషులు తిరగడానికీ చాలు. ముందు స్పీకర్లు ఆ 8 అడుగుల ఎడంలోనే ఉండనివ్వండి. కోణం 24 డిగ్రీలకి తగ్గుతుంది. 22 నుంచి 30 దాకా డాల్బీ వాళ్లే ఒప్పుకుంటారు కాబట్టి బెంగక్కర్లేదు. మీ గది పొడవు వేరైతే ఈ 9 కూడా మారుతుంది. గది పొడవులో మూడింట రెండొంతుల దగ్గర మొదలుపెట్టి అడుగు ముందుకీ వెనక్కీ జరిపి విని చూసుకోండి.

వూఫర్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక పద్ధతుంది. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. వూఫర్‌ని ఎత్తి మీరు కూర్చునే సోఫా మీద, మీ తల ఉండేచోట పెట్టండి. కింది స్వరాలు మెట్లుమెట్లుగా దిగే బేస్ గిటార్ పాట ఏదైనా పెట్టి, మీరు నేల మీద పాకుతూ గోడల వెంట తిరగండి. ఒకచోట మోత ఊదరగొడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. ఒకచోట మాత్రం ప్రతి స్వరమూ దేనికది విడిగా, ఇంచుమించు సమానంగా వినిపిస్తుంది. అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి వూఫర్‌ని తెచ్చి అక్కడే పెట్టండి. సోఫా పక్కనైనా సరే, గుమ్మం పక్కనైనా సరే. 80 హెర్ట్జ్ లోపు శబ్దం ఎటువైపు నుంచి వస్తోందో మన చెవి పోల్చుకోలేదు, కాబట్టి వూఫర్ టీవీ పక్కనే ఉండాలన్న నియమం లేదు. మూలలో పెడితే మోత పెరుగుతుంది. పెరిగిన మోత మంచి మోత అనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది లేదు.

వూఫర్ సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి మన దగ్గర మంచి సరుకుంది. తప్పెటగుళ్ల రికార్డింగ్ ఒకటి పెట్టండి. రొమ్ము మీద కట్టుకున్న రేకు తప్పెట, కాళ్ల గజ్జెలు, మనుషుల గొంతులు. అందులో వూఫర్‌కి దాదాపు పనే లేదు. అయినా వూఫర్ గునుస్తుంటే క్రాస్ఓవర్, అంటే ఎన్ని హెర్ట్జ్ లోపు మోత వూఫర్‌కి పోవాలో చెప్పే హద్దు, ఎక్కువలో ఉందన్నమాట. చిన్న స్పీకర్లు ఎంతవరకు దిగగలవో చూసుకుని దాన్ని 80, 100 హెర్ట్జ్ మధ్యకి తెచ్చుకోండి. మరీ అరచేతంత స్పీకర్లయితే 120 దాకా పోక తప్పదు.

సెంటర్ స్పీకర్ టీవీకి సరిగ్గా కింద గానీ పైన గానీ, ముఖం మీ చెవివైపు వంచి. మాటలన్నీ దాదాపు ఇందులోంచే వస్తాయి. మాటలు వినపడట్లేదని వాల్యూమ్ పెంచడం, ఫైటు రాగానే రిమోట్ కోసం వెతుక్కోవడం అందరి ఇళ్లలో ఉన్న టెన్షనే. మొత్తం వాల్యూమ్ ముట్టుకోకుండా సెంటర్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట డీఆర్‌సీ అనో నైట్ మోడ్ అనో ఉన్నదాన్ని ఆన్ చేయండి. అది పెద్ద శబ్దాల్ని తగ్గించి చిన్నవాటిని లేపుతుంది.

సరౌండ్ స్పీకర్లు, అంటే ఇందాకటి నుంచి వెనక స్పీకర్లంటున్న రెండూ, వెనక గోడకి కాదు, పక్క గోడలకి. మీ చెవుల వరస నుంచి ఒకటిన్నర, రెండడుగులు వెనక్కి, చెవి ఎత్తు కంటే రెండడుగులు పైన మేకు కొట్టండి. లెక్కప్రకారం ఇది 110 డిగ్రీలు. ఒకవైపు గుమ్మం అడ్డొస్తే గోడ బదులు స్టాండు మీద పెట్టుకోవచ్చు గానీ, రెండింటినీ ఒకే ఎత్తులో ఉంచండి. పలుకుతున్నాయా లేదా అని మాటిమాటికీ వాటి దగ్గర చెవి పెట్టి చూడకండి. వాన, జనం గోల, గుడి గంట లాంటివి తప్ప వాటికి చెప్పుకోదగ్గ పని ఉండదు.

చివరగా దూరాల లెక్క. శబ్దం అడుగు దూరం నడవడానికి మిల్లీసెకను కంటే కొంచెం తక్కువ పడుతుంది. మన హాల్లో సెంటర్ 9 అడుగులు, ముందు రెండూ ఒక్కోటి దాదాపు 10, సరౌండ్‌లు ఐదున్నర. సెట్టులో డిస్టెన్స్ అని అడిగితే ఇవే అంకెలు ఇవ్వండి. డిలే అని మిల్లీసెకన్లలో అడిగితే సరౌండ్‌లకి మూడు, నాలుగు ఇవ్వండి. ఆ తర్వాత టెస్ట్ టోన్ పెట్టి, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, మీ తల ఉండేచోట ఫోన్ పట్టుకుని, వూఫర్ తప్ప మిగిలిన ఐదూ ఒకే అంకె చూపించేదాకా సరిచేయండి. వూఫర్‌ని చెవితోనే సరిచేసుకోవాలి, ఎందుకంటే ఫోన్ మైకుకి లోతు మోతలు సరిగా అందవు.

వచ్చే పాఠం దాకా ఇంటిపని ఇది. స్పీకర్ వైర్లు యాంప్లిఫయర్ దగ్గర ఊడదీసి, ఒక్కో వైరు కొసన 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. ఎరుపుకి ప్లస్, నలుపుకి మైనస్. స్పీకర్ కోన్ (గరాటులాంటి పొర) ముందుకి కదిలితే వైరు సరిగ్గా ఉన్నట్టు, లోపలికి పోతే ఎక్కడో తిరగబడినట్టు. కుడి ఎడమల్లో ఒక్కటి తిరగబడినా మధ్యలో మాట తేలిపోతుంది, కింది మోత సన్నబడిపోతుంది. ఆరింటికీ చూసి, తిరగబడినవాటిని మార్చి, వైరుకి టేపు చుట్టి పేరు రాసి ఉంచండి. వైరు చాలకపోతే విజయనగరం గంటస్తంభం దగ్గర కొట్లలో మీటర్ల లెక్కన తెచ్చుకోండి గానీ ముక్కలు అతకకండి. నాలుగో పాఠంలో వైరు మందం, అట్టపెట్టె మీద వేల వాట్లు చూపించే పీఎంపీఓ అంకె, దాని వెనకున్న అసలు ఆర్ఎంఎస్ వాట్లు చూద్దాం.