వాన పడింది, రికార్డులో లేదు: ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం డేటా తప్పితే ఏం చూడాలి

స్టేషన్ నుంచి వాన లెక్క రావడం లేదని కబురు అందగానే చాలామంది ల్యాప్‌టాప్ తెరిచి సర్వర్‌లో వెతుకుతారు. ముందు స్టూలు వేసుకుని వర్షమాపకం గరాటులోకి తొంగిచూడండి. ఈ ఒక్క పని చెయ్యక సెన్సర్లు మార్చినవాళ్లు, సిమ్‌లు మార్చినవాళ్లు, చివరికి లాగర్లే (డేటా నమోదు చేసే పెట్టెలే) మార్చినవాళ్లు ఉన్నారు.

ఉష్ణోగ్రత, గాలి వస్తున్నాయి, వాన మాత్రం సున్నా

గరాటు జల్లెడ మూసుకుపోయింది. వేపాకు, పిట్ట రెట్ట, సాలెగూడు అన్నిచోట్లా మామూలే. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు బండల దుమ్మూ సిమెంటు దుమ్మూ కూడా చేరతాయి. మొదటి జల్లుకు ముద్దయి, ఎండకు గట్టిపడిన ఆ పెచ్చు బ్రష్‌కు రాదు. నీళ్లు పోసి నానబెట్టి చెక్కపుల్లతో తీయాలి. ఇనుప తీగతో పొడిచి రంధ్రం పెద్దది చేసుకోవద్దు.

రంధ్రం సగమే మూసుకుంటే సున్నా రాదు, అది ఇంకా మోసం. కుండపోత అరగంటలో ఆగిపోయినా గ్రాఫ్‌లో వాన మూడు నాలుగు గంటలు ఒకే తీరున సన్నగా సాగితే కారణం ఇదే.

శుభ్రం చేశాక కొలిచి చూడండి. గరాటు వ్యాసం 20 సెం.మీ. అయితే 314 మి.లీ. నీళ్లు 10 మి.మీ. వానకు సమానం. గరాటు కింద నిండగానే ఒరిగే చిన్న బకెట్ ఉంటుంది, ఒక్కో ఒరుగు 0.5 మి.మీ. అయితే 20 సార్లు, 0.2 మి.మీ. అయితే 50 సార్లు ఒరగాలి. సన్న రంధ్రం పెట్టిన సీసాతో అరగంట సేపు బొట్టుబొట్టుగా పోయండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే బకెట్ ఒరిగే క్షణంలో నీళ్లు పక్కకు పోయి లెక్క తగ్గుతుంది. పోసే ముందు లాగర్‌ను నిర్వహణ మోడ్‌లో పెట్టడం మరిస్తే, మండుటెండలో మీ మండలానికి 10 మి.మీ. వాన నమోదవుతుంది.

బకెట్ ఒరుగుతున్నా లెక్క పెరగకపోతే రీడ్ స్విచ్ (ఒరుగులను లెక్కపెట్టే అయస్కాంత స్విచ్) చూడండి. మల్టీమీటర్ పెట్టి బకెట్‌ను చేత్తో ఒరిగిస్తే ఒక్కో ఒరుగుకు ఒక్కో బీప్ రావాలి. రాకపోతే స్విచ్ మార్చండి.

పగలు డేటా వస్తుంది, రాత్రికి పోతుంది

బ్యాటరీ. మధ్యాహ్నం చార్జి అవుతున్నప్పుడు కొలిచి బాగుందనుకోవద్దు, తెల్లారకముందు కొలవండి. 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 దాకా, దాదాపు ఖాళీ అయితే 11.8 చూపిస్తుంది. మోడెమ్ డేటా పంపే క్షణంలో 11.5 కంటే కిందికి పడిపోతే చార్జి పెట్టి లాభం లేదు, మార్చాల్సిందే. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ ఈ బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. కడప ఎండలో మూసిన ఇనుప పెట్టె లోపల అది ఎన్నేళ్లు బతుకుతుందో మీరే లెక్కేసుకోండి. సోలార్ ప్యానెల్ తుడవడం చెప్పక్కర్లేదు.

సిగ్నల్ ఉంది, డేటా లేదు

సిమ్ గడువు, ఏపీఎన్ (సిమ్‌ను ఇంటర్నెట్‌కు కలిపే సెట్టింగ్), ముందు ఈ రెండూ చూడండి. పాత 2జీ మోడెమ్‌లో జియో సిమ్ వేస్తే ఎప్పటికీ పనిచేయదు, జియోకు 2జీ లేదు. యంత్రాల కోసం ఇచ్చే 13 అంకెల సిమ్ తీసి మామూలు సిమ్ వేస్తే ఏపీఎన్ కూడా మార్చాలి.

సిమ్‌లన్నీ ఒకే ఒప్పందం కింద ఉమ్మడి డేటా కోటాలో ఉంటే ఇంకో చిక్కుంది. నెలాఖరుకు పది స్టేషన్లు ఒకేసారి మూగబోతాయి. ఒక్క స్టేషన్ కోటానంతా తాగేసి ఉంటుంది. పావుగంటకొకసారి సుమారు ఒక కేబీ పంపే స్టేషన్‌కు నెలకు 3 ఎంబీ సరిపోతుంది. 50, 60 ఎంబీ వాడినది కనబడితే దానికి సర్వర్ నుంచి అందినట్టు జవాబు రావడం లేదు, అందుకే పాత ప్యాకెట్లనే మళ్లీ మళ్లీ పంపుతోంది. కోటా పెంచమని రాసే ముందు ఆ స్టేషన్ గడియారం చూడండి. ఎందుకో కింద ఉంది.

నెల మొత్తం సరిపోతుంది, రోజువారీ లెక్క మాత్రం తప్పుతుంది

అందరూ దెబ్బతినేది ఇక్కడే. గరాటు శుభ్రంగా ఉంటుంది, బ్యాటరీ బాగుంటుంది, ప్యాకెట్లు నూటికి నూరు వస్తాయి. రైతు మాత్రం మంగళవారం తెల్లవారుజామున వాన పడిందంటాడు, రికార్డు బుధవారం అంటుంది. రైతుదే నిజం.

ప్రపంచమంతటా వాతావరణ సమాచారం యూటీసీ సమయంలోనే (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) చేతులు మారుతుంది. ఇక్కడి పరిశీలన న్యూఢిల్లీ కేంద్రం ద్వారా ప్రపంచ వాతావరణ సంస్థ నెట్‌వర్క్‌లోకి వెళ్లాలన్నా దాని మీద యూటీసీ ముద్రే ఉండాలి. మన దగ్గర వాన లెక్కలో రోజు ఉదయం 8.30కి ముగుస్తుంది, అంటే 03 యూటీసీ. లాగర్ గడియారం మన సమయంలో నడుస్తూ ఉండి, సర్వర్ దాన్ని యూటీసీ అనుకుంటే మరో ఐదున్నర గంటలు కలుపుతుంది. అప్పుడు తెల్లవారుజామున 3 నుంచి 8.30 మధ్య పడిన వాన మాత్రమే మర్నాటి ఖాతాలోకి జారుతుంది. సాయంత్రం పడే ఉరుముల వాన సరైన రోజులోనే ఉంటుంది, నెల మొత్తం మారదు. అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. కానీ కనీసం 2.5 మి.మీ. పడితేనే వాన రోజు అనే లెక్కలో, శెనక్కాయ పంటకు ఎన్ని పొడి రోజులు వరసగా వచ్చాయని చూసేటప్పుడు ఈ జారుడు మొత్తం ఫలితాన్నే మార్చేస్తుంది.

కొన్ని సర్వర్లు ఐదున్నర గంటలు ముందున్న సమయాన్ని చూసి, ఇంకా రాని కాలపు డేటా అని తిప్పికొడతాయి. జవాబు రాని స్టేషన్ పంపిందే పంపుతుంది. ఉమ్మడి కోటా ఇలాగే ఖర్చవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి స్టేషన్‌కు వెళ్లక్కర్లేదు. ఎండ కాసిన రోజు ఉష్ణోగ్రత గ్రాఫ్ తీయండి. గరిష్ఠం మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో రావాలి. రాత్రి 8 గంటలకు వస్తే పైన చెప్పిన జబ్బే. ఉదయం 9కి వస్తే దానికి తిరగేసిన జబ్బు: లాగర్ యూటీసీలో ఉంది, సర్వర్ మన సమయం అనుకుంటోంది. అప్పుడు ఉదయం 8.30 నుంచి మధ్యాహ్నం 2 దాకా పడిన వాన ముందు రోజు ఖాతాకు పోతుంది. మబ్బు రోజుల్లో ఉష్ణోగ్రత తేలకపోతే గాలి పీడనం చూడండి. మన ప్రాంతంలో అది ఉదయం 10కీ రాత్రి 10కీ అటూఇటూగా పైకెక్కి, తెల్లవారుజామున 4కీ సాయంత్రం 4కీ దిగుతుంది. తుపాను రోజులు తప్ప ఈ తీరు మారదు. సోలార్ ప్యానెల్ వోల్టేజీ కాలమ్ ఉంటే మరీ సులువు, తెల్లారేటప్పుడే అది లేవాలి.

గడియారం సరిచేసి వచ్చేస్తే మర్నాటికి కథ మళ్లీ మొదటికొస్తుంది. తప్పు గడియారంలో కాదు, దానికి సమయం అందించేచోట ఉంది. మొబైల్ నెట్‌వర్క్ నుంచి తీసుకున్న సమయాన్ని మోడెమ్ సీసీఎల్‌కే కమాండ్‌కు (సమయం ఎంతని అడిగే ఆదేశం) జవాబుగా ఇస్తుంది. అది స్థానిక సమయం, చివర +22 ఉంటుంది. 22 పావుగంటలంటే ఐదున్నర గంటలు. ఆ +22ను పట్టించుకోని ఫర్మ్‌వేర్ (లాగర్ లోపలి సాఫ్ట్‌వేర్) మన సమయాన్నే యూటీసీగా రాసుకుంటుంది, సింక్ అయిన ప్రతిసారీ అదే తప్పు. మోడెమ్ మార్చాకో ఫర్మ్‌వేర్ ఎక్కించాకో ఈ జబ్బు మొదలయిందంటే వేరే కారణం వెతకొద్దు.

వరస ఇది. ముందు మెమరీ కార్డును కాపీ చేయండి. సింక్ ఎక్కణ్నుంచి జరుగుతోందో సెట్టింగుల్లో చూడండి: జీపీఎస్, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం) అయితే వచ్చేది యూటీసీ కాబట్టి సవరణ సున్నా. మోడెమ్ అయి, +22ను తీసుకోని ఫర్మ్‌వేర్ అయితే మైనస్ 330 నిమిషాలు. మీ చేతి గడియారం 11.30 అంటే లాగర్ 06.00 అనాలి. తర్వాత చేత్తో ఒకసారి సింక్ చేయించి, సమయం అలాగే నిలిచాకే పెట్టె మూయండి. ఆ సింక్ చూడకుండా బండెక్కితే రేపు మళ్లీ రావాల్సిందే. లోపలి 3 వోల్టుల నాణెం సెల్ 2.7 కంటే తక్కువుంటే మార్చండి. అది చచ్చిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ 2000కో 1970కో వెనక్కి పోతుంది.

సరిచేసే పని వాన లేని రోజు, ఉదయం 8.30 దాటాక పెట్టుకోండి. గడియారం ఐదున్నర గంటలు వెనక్కి జరిగితే అంతసేపూ ఒకే సమయానికి రెండేసి రికార్డులు పుడతాయి. కొత్తవాటిని నకళ్లనుకుని సర్వర్ వదిలేయవచ్చు, సర్వర్ చూసేవాళ్లకు ముందే చెప్పండి. పాత నెలల అసలు డేటాను దిద్దొద్దు. విడిగా ఒక కాపీలో సమయం జరిపి, గంటల లెక్క నుంచి రోజు మొత్తాలు మళ్లీ కట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది స్టేషన్ రిజిస్టర్‌లో రాయండి.

నిర్వహణ ఒప్పందంలో డేటా లభ్యతను వచ్చిన ప్యాకెట్ల సంఖ్యతో కొలిస్తే, ఇలా తప్పిన స్టేషన్‌కు కూడా నూటికి నూరు పడుతుంది, బిల్లూ పాసవుతుంది. ప్రతి స్టేషన్ గరిష్ఠ ఉష్ణోగ్రత వేళను నెలకోసారి చూడాలని ఒక వాక్యం ఒప్పందంలో చేర్పించండి.

అరుదైనవి

పిడుగు, ఎలుక కొరికిన కేబుల్, ఆంటెన్నా కనెక్టరులో నీళ్లు, కాలిపోయిన లాగర్ బోర్డు. ఉంటాయి, తక్కువ. పిడుగు పడితే వాన కాలమ్ ఒక్కటే కాదు, చాలా కాలమ్‌లు ఒకేసారి పోతాయి, చూడగానే తెలిసిపోతుంది. కేబుల్‌కు పైపు తొడిగి, కనెక్టరుకు టేపు చుట్టండి. బోర్డు మార్చాలనిపిస్తే ముందు ఇంకోసారి గరాటు చూడండి.