మూలన పడిన సైకిళ్ళను సేకరించి అవసరమైనవాళ్ళకు చేర్చడం ఎలా?

పిల్లలు ఎదిగిపోతారు, సైకిలు ఎదగదు. అందుకే ఏ వీధిలో చూసినా మెట్ల కిందో, బాల్కనీలోనో గాలి పోయిన సైకిలు ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. అమ్మితే పెద్దగా రాదు, పారేయడానికి మనసొప్పదు. ఎవరైనా అడిగితే ఇచ్చేద్దామనే చాలామంది అనుకుంటారు. కాబట్టి అడగడం తేలిక. వచ్చినవాటిని నడిచే స్థితికి తేవడం, సరిపోయే మనిషికి చేర్చడం, అదీ అసలు పని. అందుకే చివర చేయాల్సింది ముందు చేద్దాం.

1. ముందు తీసుకునేవాళ్ళు, తర్వాతే సైకిళ్ళు

చాలా దూరం నడిచి బడికి వెళ్ళే పిల్లలు, వసతిగృహాలు, రాత్రి డ్యూటీకి కాలినడకన పోయే కాపలాదారులు... ఎవరికి ఇవ్వాలో తేల్చుకుని వాళ్ళతో మాట్లాడండి. ఎంతమందికి కావాలి, ఎంత ఎత్తువాళ్ళు, రాత్రిపూట సైకిలు ఎక్కడ పెట్టుకుంటారు, పంక్చరైతే వేసేవాళ్ళు దగ్గర్లో ఉన్నారా అని అడిగి రాసుకోండి. ఆ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. విడిభాగాలు దొరకని చోటికి 21 గేర్ల సైకిలు పంపితే మొదటి రిపేరుకే అది మళ్ళీ మూలకు చేరుతుంది. అక్కడ గేర్లు లేని సాదా సైకిలే మేలు.

సైజును చక్రం కొలతతో చెబుతారు. సుమారుగా 12 అంగుళాలది మూడు నాలుగేళ్ళ పిల్లలకు, 16 అంగుళాలది ఐదారేళ్ళకు, 20 అంగుళాలది ఏడు నుంచి తొమ్మిదేళ్ళకు, 24 అంగుళాలది పది దాటినవాళ్ళకు, 26, ఆపైన పెద్దవాళ్ళకు. వయసు కన్నా ఎత్తు ముఖ్యం. ఫ్రేముకు అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడితే పాదాలు రెండూ నేలకు ఆనాలి, పై గొట్టం తగలకూడదు.

2. మెకానిక్‌ను ముందే మాట్లాడుకోండి

గాలి కొట్టడం, తుడవడం మనం చేసుకోవచ్చు. చక్రం బెండు తీయడం, బేరింగులు విప్పి గ్రీజు పెట్టడం తెలిసినవాళ్ళే చేయాలి. మంచి పనే కదా అని ఆయన్ను ఉచితంగా చేయమని అడగడం నాకు నచ్చదు. మనకది సెలవు రోజు సరదా, ఆయనకది ఒక రోజు కూలి. ట్యూబులకు, బ్రేకు రబ్బర్లకు, కేబుళ్ళకు కూడా డబ్బు కావాలి. ఇవ్వడానికి సైకిలు లేనివాళ్ళు సాయం చేయగలిగేది ఇక్కడే.

3. కబురు పెట్టండి

వానకు తడవకుండా తాళం వేసుకునే గది ఒకటి చూసుకుని, రెండు వారాల ముందు చెప్పండి. సందేశం ఇలా ఉంటే చాలు: “ఆదివారం ఉదయం 8 నుంచి 12 దాకా వాడని సైకిళ్ళు తీసుకుంటాం. గాలి లేకపోయినా, చైను తుప్పు పట్టినా ఫరవాలేదు. ఫ్రేము విరిగినవి, పగిలినవి వద్దు. తాళంచెవి, పంపు ఉంటే అవీ ఇవ్వండి. మోసుకురాలేనివాళ్ళు చెబితే ఇంటికే వస్తాం.”

ఆ చివరి వాక్యాన్ని తీసేయకండి. పాత సైకిలు ఉన్న ఇళ్ళలో కొన్ని, పిల్లలు దూరంగా ఉండి, పెద్దవాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళు. ఇంకో మాట, పిల్లాడి సైకిలైతే ఆ పిల్లాణ్ణి కూడా అడిగారా అని కనుక్కోండి. అమ్మానాన్నలు ఇచ్చేశాక సాయంత్రం ఏడుపు మొదలైతే దాన్ని వెతికి తిరిగివ్వడం మన వల్ల కాదు.

4. తీసుకునే రోజు

సైకిలు రాగానే ఒక అంకె రాసిన అట్టముక్క కట్టి, పుస్తకంలో ఇచ్చినవారి పేరు, సైజు, రంగు రాసి సంతకం తీసుకోండి. ఫ్రేము మీద ఉండే నంబరు కూడా ఎక్కించండి. సాధారణంగా అది పెడళ్ళు తిరిగే ఇరుసు కింద ఉంటుంది, సైకిలును తలకిందులు చేస్తే కనిపిస్తుంది. రేపు ఎవరైనా “ఇది మాది, పోయింది” అంటే ఆ పేజీయే మనకు ఆధారం.

ఆ వెంటనే మూడు వరుసలుగా విడదీయండి: కాస్త సర్దితే నడిచేవి, రిపేరు కావాల్సినవి, విడిభాగాలకు మాత్రమే పనికొచ్చేవి. పైపై తుప్పు చూసి భయపడక్కర్లేదు. చూడాల్సింది హ్యాండిలు గొట్టం దగ్గరి అతుకులు. అక్కడ గీతలా పగులు ఉన్నా, అక్కణ్ణుంచి పెడళ్ళ వైపు దిగే కింది గొట్టం మీద పెయింటు ముడతపడి ఉబ్బినా ఆ సైకిలు ముందునుంచి గట్టిగా గుద్దుకుని ఉండొచ్చు. ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునే ఫోర్కు వెనక్కి వంగినా అంతే. అలాంటివి ఎంత మెరిసినా మూడో వరుసలోకే. రెండు పాడైన సైకిళ్ళలోంచి ఒక మంచిది తయారవుతుంది కాబట్టి అదీ వృథా కాదు.

హెల్మెట్లు మాత్రం పాతవి తీసుకోవద్దు. లోపలి నురుగు ఒకసారి దెబ్బకు నలిగితే మళ్ళీ కాపాడలేదు, ఆ నలుగుడు పైకి కనిపించకపోవచ్చు.

5. గాలి, బ్రేకు, చైను

ఈ వరుసలోనే చూడండి. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో ముద్రించి ఉంటుంది. అంత కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు మెత్తబడితే ట్యూబుకో వాల్వుకో చిల్లు ఉన్నట్టే. చాలాకాలం గాలి లేకుండా నిలబెట్టిన టైర్లు పక్కల నెర్రెలిచ్చి ఉంటాయి, వాటిని మార్చేయాలి.

బ్రేకు పూర్తిగా నొక్కినా లివరు హ్యాండిలు పిడికి తగలకూడదు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు తోస్తే వెనక చక్రం లేవాలి. బ్రేకు రబ్బరు రిమ్ముకే ఆనుతోందో, టైరును ఒరుసుకుంటోందో వంగి చూడండి. ఒరుసుకుంటే కొన్నాళ్ళకు టైరు చిరుగుతుంది.

చైనును కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. నూనె ఎంత పోస్తే అంత మంచిదనుకుంటారు, నిజానికి దుమ్ము అంటుకునేది ఆ అదనపు నూనెకే. రిమ్ము మీద పడితే బ్రేకు పట్టదు కూడా. చైను సాగిందా లేదా అన్నది స్కేలుతో తెలుస్తుంది. పిన్ను నుంచి పిన్నుకు అర అంగుళం కాబట్టి 24 ఖాళీలు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువొస్తే చైను మార్చాల్సిందే, దాంతోపాటు పళ్ళ చక్రాలూ అరిగి ఉండొచ్చు.

పెడలు విప్పబోయి బలమంతా పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి: ఎడమవైపు పెడలుకు మర తిరగేసి ఉంటుంది, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక పానాలు పట్టి వేళ్ళు గీరుకునేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు.

బాగుచేసిన మనిషి కాకుండా ఇంకొకరు తొక్కి చూశాకే అట్టముక్క మీద టిక్కు పెట్టండి.

6. చేర్చడం

వ్యానులో ఎక్కించేటప్పుడు హ్యాండిళ్ళు పక్కకు తిప్పి, ఒకటి అటు, ఒకటి ఇటు ముఖం పెట్టి, మధ్య అట్టలు దూర్చితే తక్కువ చోటులో గీతలు పడకుండా ఎక్కువ పడతాయి. ఇచ్చేచోటికి పానా ఒకటి తీసుకెళ్ళి ఎవరి సీటు వాళ్ళకు సరిచేయండి. పెడలు కిందికి వచ్చినప్పుడు మడమ ఆనించి కాలు నిటారుగా చాచగలిగితే ఎత్తు సరిపోయినట్టు. నేర్చుకునేవాళ్ళకైతే పాదాలు రెండూ నేలకు ఆనేంత దించండి. సీటు గొట్టం మీదున్న గీత మాత్రం ఫ్రేము లోపలే ఉండాలి, బయటికి వస్తే గొట్టం విరగొచ్చు.

బ్యానరు పట్టించి పిల్లలను వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయడం మానేయండి. ఇచ్చినవాళ్ళకు “మీ సైకిలు ఇప్పుడు బడికి వెళ్తోంది” అని ఒక సందేశం చాలు. ప్రతి నాలుగైదు సైకిళ్ళకు ఒక పంపు, పంక్చరు సామాను ఇవ్వండి.

నెల తర్వాత మెకానిక్‌ను ఒక పూట మళ్ళీ అక్కడికి పంపండి. అప్పటికి కొత్త కేబుళ్ళు కొంచెం సాగి బ్రేకులు వదులవుతాయి, బెండు తీసిన చక్రాల్లో ఒకటి రెండు పుల్లలు సడలి ఉంటాయి. పదేసి నిమిషాల పని.