బిడ్డను ఇంటికి దూరం చేయకుండా బాలల సంక్షేమ సేవలను అందుకోవడం ఎలా?

భర్తను పోగొట్టుకున్న తల్లి గానీ, తల్లిదండ్రులు లేని మనుమలను సాకుతున్న అమ్మమ్మ గానీ, పోషణ భారమైనప్పుడు పిల్లలను ఏదో ఒక ఆశ్రమంలో చేర్పించాలనే ముందుగా అనుకుంటారు. అయితే అంతకన్నా ముందు వెళ్లవలసింది జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి. బిడ్డ పెరగవలసింది కుటుంబంలోనేనని, వేరే దారి ఏదీ లేనప్పుడే సంస్థలో ఉంచాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఆఫీసు ఎక్కడో తెలియకపోతే మీ ఊరి అంగన్‌వాడీ టీచరును అడగండి.

అక్కడ స్పాన్సర్‌షిప్ గురించి, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం గురించి అడగాలి. మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు అందుతాయి. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. వితంతువుల, భర్త వదిలేసిన స్త్రీల పిల్లలు, బంధువుల ఇంట పెరుగుతున్న అనాథలు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లలు ఇందుకు అర్హులు. ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, బడి నుంచి తెచ్చిన స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు ముందే సిద్ధం చేసుకుంటే పదే పదే తిరగవలసిన అవసరం తగ్గుతుంది. అధికారులు ఇంటికి వచ్చి విచారించినప్పుడు అప్పులను గానీ, ఇంట్లో ఉన్న జబ్బును గానీ పరువు కోసం దాచకండి. మీ అవసరం ఎంతటిదో వారి నివేదికను బట్టే తేలుతుంది.

ఇక బిడ్డ తప్పిపోయినా, పనిలో పెట్టినా, కొట్టి హింసిస్తున్నా, బాల్యవివాహానికి సిద్ధం చేస్తున్నా పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయాలి. ఆ పిల్లలను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉండే ఈ సమితికి మేజిస్ట్రేటు అధికారాలు ఉన్నందున చాలామంది తల్లిదండ్రులు కోర్టుకు వెళ్తున్నట్టు భయపడతారు. ఆ భయంతో రాకుండా ఉండిపోవడమే పెద్ద పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే మీరు కనిపించకపోతే బిడ్డను ఎవరికి అప్పగించాలో సమితికి తెలిసే మార్గం ఉండదు. జనన ధ్రువపత్రాన్ని, బిడ్డతో కలిసి దిగిన ఫోటోలను వెంట తీసుకెళ్లండి. సమితి బిడ్డ మాట కూడా వింటుంది. అప్పుడు ఏం చెప్పాలో ముందే నేర్పి పంపకండి. సామాజిక విచారణ నివేదికకు 15 రోజులు, మొత్తం విచారణకు సాధారణంగా నాలుగు నెలలు గడువుగా చట్టం పెట్టింది. ఆ లోపు బిడ్డను బాలసదనంలో ఉంచినా, అది శాశ్వతంగా తీసుకుపోవడం కాదు.

ఏ విధంగానూ పెంచలేని స్థితిలో ఉన్న తల్లి బిడ్డను సమితికే అప్పగించవచ్చు. బాండ్ పేపరు రాసుకుని తెలియని వారికి ఇవ్వడం, డబ్బు తీసుకోవడం నేరాలు. సమితికి అప్పగించిన తరువాత మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. సంతకం పెట్టే ముందే ఆ గడువు ఏ తేదీతో ముగుస్తుందో అడిగి కాగితంపై రాయించుకోండి.