వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో యాడ్‌ఆన్ పెట్టుకోవడం ఎలా? మొరాయిస్తే ఏం చేయాలి?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌కు ప్యాచ్ (అప్‌డేట్) వచ్చిన రోజు రాత్రి దాన్ని తెరుస్తారు. నిన్నటిదాకా చక్కగా తెరుచుకున్న బ్యాగులు తెరుచుకోవు, మ్యాప్ మీది గుర్తులు మాయం, తెర మధ్యలో ఎర్రర్ బాక్స్. ఈ గేమ్ ఆడేవాళ్లలో ఈ టెన్షన్ పడనివాళ్లు తక్కువ. అయితే యాడ్‌ఆన్ ఎక్కడ కూర్చుంటుందో, గేమ్ దాన్ని ఎలా చదువుతుందో ఒకసారి తెలిస్తే సగం భయం పోతుంది.

యాడ్‌ఆన్ అంటే గేమ్ తెరకు అదనపు సౌకర్యాలు చేర్చే, లువా అనే భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్. అది గేమ్ ఫైళ్లను ముట్టుకోదు. మొదలయ్యేటప్పుడు గేమే ఒక ఫోల్డర్‌లోకి తొంగిచూసి, అక్కడ ఉన్నవాటిని చదువుకుంటుంది, అంతే. అందుకే కొత్తవాళ్లకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం కోడ్‌లో ఉండవు, ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి.

పెట్టుకోవడం

కర్స్‌ఫోర్జ్, వాగో లాంటి చోట్ల యాడ్‌ఆన్‌లు ఉచితంగా దొరుకుతాయి. వాళ్ల యాప్ వేసుకుంటే ఒక్క క్లిక్‌తో పని అయిపోతుంది, అప్‌డేట్లూ అదే చూసుకుంటుంది. అయినా ఒక్కసారైనా చేత్తో పెట్టి చూడండి. రేపు ఏదైనా చెడిపోతే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ముందు గేమ్ పూర్తిగా మూసేయండి. గేమ్‌ను మొదలుపెట్టే బ్యాటిల్ నెట్ లాంచర్ యాప్‌లో ప్లే బటన్ పక్కనే ఉన్న గేర్ గుర్తు నొక్కి, ఎక్స్‌ప్లోరర్‌లో చూపించమంటే గేమ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ముందూ వెనకా అండర్‌స్కోర్ ఉన్న ‘రీటెయిల్’ ఫోల్డర్ కనిపిస్తుంది. ఇప్పటి గేమ్ ఉండేది అందులోనే. క్లాసిక్ (గేమ్ పాత రూపం) ఆడేవాళ్లకు ‘క్లాసిక్’, ‘క్లాసిక్ ఎరా’ ఫోల్డర్లు వేరుగా ఉంటాయి. ఒకదాని యాడ్‌ఆన్ ఇంకోదాంట్లో పెడితే గేమ్ పట్టించుకోదు. మీ ఫోల్డర్‌లోకి వెళ్లి, అక్కడ ‘ఇంటర్‌ఫేస్’, దాని లోపల ‘యాడ్‌ఆన్స్’ తెరవండి. లేకపోతే మీరే ఆ పేర్లతో ఇంగ్లిష్‌లో ఫోల్డర్లు చేసుకోవచ్చు.

డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైల్‌ను వేరే చోట విప్పి, లోపలి ఫోల్డర్లను ఇక్కడికి కాపీ చేయండి. బాస్ పోరాటాల్లో హెచ్చరికలిచ్చే డెడ్లీ బాస్ మాడ్స్ లాంటి పెద్ద యాడ్‌ఆన్‌ జిప్‌లో చాలా ఫోల్డర్లు ఉంటాయి. ‘ఇన్నెందుకులే’ అని ఒకటే ఉంచి మిగతావి పారేయకండి, అవన్నీ ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి.

నా మొదటి యాడ్‌ఆన్‌కు నేనొక సాయంత్రమంతా తగలేశాను. విండోస్‌లో జిప్ విప్పితే దాని పేరుతోనే ఒక ఫోల్డర్ వచ్చింది, దాని లోపల మళ్లీ అదే పేరుతో ఇంకోటి. నేను పైదాన్ని అలాగే పెట్టేశాను. యాడ్‌ఆన్స్‌లో పెట్టిన ఫోల్డర్ తెరవగానే టాక్ ఫైల్ (పేరు చివర .toc ఉండేది, యాడ్‌ఆన్ వివరాలు గేమ్‌కు చెప్పేది) కనిపించాలి, ఇంకో ఫోల్డర్ కనిపించకూడదు. అంతేకాదు, ఫోల్డర్ పేరూ టాక్ ఫైల్ పేరూ ఒక్కటే అయి ఉండాలి. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్ నుంచి నేరుగా దించుకుంటే ఫోల్డర్ పేరు చివర ‘మెయిన్’ అనో ‘మాస్టర్’ అనో తోక ఉంటుంది. ఆ తోక కత్తిరించకపోతే గేమ్‌కు ఆ యాడ్‌ఆన్ ఉన్నట్టే తెలియదు.

టాక్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మామూలు టెక్స్టే. పైభాగంలో ‘ఇంటర్‌ఫేస్’ అన్న మాట పక్కన ఒక అంకె ఉంటుంది. 110207 అంటే 11.2.7 వెర్షన్ కోసం రాసింది, 120000 అంటే 12.0.0 కోసం. గేమ్ ఆ అంకె చూసే యాడ్‌ఆన్ పాతదో కాదో తేలుస్తుంది.

ఇంకో మాట. యాడ్‌ఆన్ జిప్‌లో లువా, ఎక్స్ఎంఎల్, టాక్ ఫైళ్లు, బొమ్మలు, శబ్దాలు, ఫాంట్లు ఉంటాయి. ఈఎక్స్ఈ ఫైల్ కనిపించిందంటే అది యాడ్‌ఆన్ కాదు, డబుల్ క్లిక్ చేయకుండా తీసేయండి. అలాగే గేమ్ చాట్‌లో ఎవరైనా ‘రన్’ అనే కమాండ్‌తో మొదలయ్యే లైన్ ఇచ్చి టైప్ చేయమంటే చేయకండి. అలా అవతలివాళ్ల గేమ్‌లో స్క్రిప్ట్ నడిపించి మోసం చేసిన సందర్భాలున్నాయి. అందుకే గేమ్ ఇప్పుడు ముందుగా ఒక హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని చదవకుండా ‘ఎస్’ నొక్కకండి.

గేమ్‌లో కనిపించకపోతే

క్యారెక్టర్ ఎంచుకునే తెర మీద యాడ్‌ఆన్స్ బటన్ ఉంటుంది. జాబితాలో పేరే లేదంటే ఫోల్డర్ తప్పు, పైన చెప్పినవి మళ్లీ చూడండి. పేరు ఉండి ‘అవుట్ ఆఫ్ డేట్’ అని ఉంటే, పాత యాడ్‌ఆన్లనూ లోడ్ చేయమనే టిక్ పెట్టి చూడొచ్చు. చాలాసార్లు మారింది ఆ అంకె ఒక్కటే కాబట్టి యాడ్‌ఆన్ బానే నడుస్తుంది. ‘డిపెండెన్సీ మిస్సింగ్’ అంటే అది ఆధారపడే ఇంకో యాడ్‌ఆన్ మీ దగ్గర లేదని.

టిక్‌తో అన్నీ నయమైపోవు. 2026లో వచ్చిన 12.0 వెర్షన్ నుంచి, పోరాటం జరిగేటప్పుడు యాడ్‌ఆన్‌లు వాడుకోగలిగే సమాచారాన్ని గేమ్ తయారుచేసే బ్లిజార్డ్ కంపెనీ బాగా తగ్గించేసింది. పోరాటంలో సూచనలు చూపే వీక్‌ఆరాస్ యాడ్‌ఆన్ చేసేవాళ్లయితే ఆ వెర్షన్‌కు తమ యాడ్‌ఆన్ తేబోమని ముందే చెప్పేశారు. పాత వీడియోలు చూసి ఇప్పుడు అదే సెటప్ కోసం కుస్తీ పడితే సమయం దండగ.

ఎర్రర్లు వస్తుంటే

ముందు చాట్‌లో స్లాష్ గుర్తు పెట్టి ఇంగ్లిష్‌లో ‘రీలోడ్’ అని కొట్టండి. గేమ్ నుంచి బయటకు రాకుండానే తెర మొత్తం మళ్లీ లోడవుతుంది. ‘యాడ్‌ఆన్ వల్ల ఇంటర్‌ఫేస్ చర్య విఫలమైంది’ అనే అర్థంలో మెసేజ్ అప్పుడప్పుడు వస్తే బెంగపడక్కర్లేదు. పోరాటం మధ్యలో కొన్ని బటన్లను యాడ్‌ఆన్‌లు కదపకూడదని గేమ్ పెట్టిన తాళం అది. పోరాటం అయ్యాక రీలోడ్ చేస్తే సాధారణంగా సర్దుకుంటుంది.

అప్పటికీ పోకపోతే, తప్పు ఎవరిదో తేల్చాలి. అన్నీ ఆపేసి చూడండి. అన్నీ ఆపినా సమస్య ఉందంటే యాడ్‌ఆన్లది కాదు, గేమ్‌నే రిపేర్ చేయించాలి. పోయిందంటే సగం యాడ్‌ఆన్‌లు ఆన్ చేసి మళ్లీ చూడండి. సమస్య వచ్చిందా, దొంగ ఆ సగంలో ఉంది. రాలేదా, రెండో సగంలో. దొంగ ఉన్న సగాన్ని మళ్లీ రెండు చేయండి. 32 యాడ్‌ఆన్‌లున్నా 5 సార్లలో దొరికిపోతుంది. ఒక్కొక్కటే తీస్తూ పోతే తెల్లారుతుంది.

బగ్‌గ్రాబర్, బగ్‌సాక్ అనే జంట యాడ్‌ఆన్‌లు పెట్టుకుంటే ఇంకా సుఖం. ఎర్రర్లన్నిటినీ పోగుచేసి పెడతాయి. ఎర్రర్ మొదటి లైన్‌లో ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. ఆ ఫోల్డర్ పేరే మీకు కావలసిన ఆచూకీ. ఒకే ఎర్రర్ వందలసార్లు వచ్చినా కంగారు వద్దు, ఒక్క తప్పు ఒక్కో ఫ్రేమ్‌కీ తిరిగి రావచ్చు.

సెట్టింగులు చెడిపోతే

యాడ్‌ఆన్ సెట్టింగులు యాడ్‌ఆన్స్ ఫోల్డర్‌లో ఉండవు. ఇంటర్‌ఫేస్ ఫోల్డర్ పక్కనే ఉండే ‘డబ్ల్యూటీఎఫ్’ అనే ఫోల్డర్‌లో, అవును పేరు అదే, మీ అకౌంట్ కింద ‘సేవ్డ్ వేరియబుల్స్’లో ఉంటాయి. యాడ్‌ఆన్ తీసేసి మళ్లీ పెట్టినా అదే తప్పు రావడానికి కారణం ఇదే. ఎవరో చెప్పారని ఒకసారి నేను ఆ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి, ఏడాదిగా సర్దుకున్న తెరను పోగొట్టుకున్నాను. మీరు డిలీట్ చేయకండి, గేమ్ మూసి పేరు మార్చండి. ఇంటర్‌ఫేస్, డబ్ల్యూటీఎఫ్, క్యాష్ మూడింటి పేర్ల చివరా ‘ఓల్డ్’ అని చేర్చి గేమ్ తెరిస్తే కొత్తవి పుడతాయి. పని కాకపోతే పాత పేర్లు పెట్టేస్తే సరి. దోషం ఒక్క యాడ్‌ఆన్‌దే అని తెలిస్తే, దాని పేరుతో ఉన్న ఫైల్ ఒక్కటే పక్కకు తీయండి.

ఇవి చేసేటప్పుడు గేమ్ నడుస్తూ ఉండకూడదు. సెట్టింగులు డిస్క్‌లోకి రాసేది లాగౌట్ అయినప్పుడో, రీలోడ్ చేసినప్పుడో, గేమ్ మూసినప్పుడో. గేమ్ తెరిచి ఉండగా మీరు దిద్దినది మూసేటప్పుడు తుడిచిపెట్టుకుపోతుంది. గేమ్ క్రాష్ అయితే ఆ రోజు మార్చుకున్న సెట్టింగులు ఎందుకు గాలికి పోతాయో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. అందుకే తెర గంటసేపు సర్దుకున్నాక నేను వెంటనే ఒక రీలోడ్ కొడతాను.