పోలీసు ఫిల్ము చదవడం ఎలా? – 3వ పాఠం: కెమెరా ఎక్కడ నిలబడింది?

మొదటి పాఠంలో ఫిల్మునీ, రెండో పాఠంలో డబ్బా మీద అంటించిన చీటీనీ చూశాం. ఇప్పుడు ఫిల్ము నడిపించి చూద్దాం. మన సామగ్రి పాతదే: 1960లు, 70లలో న్యూయార్క్ పోలీసులు పౌరహక్కుల ఊరేగింపుల్నీ, యుద్ధ వ్యతిరేక సభల్నీ, పేటల్లో జరిగిన ధర్నాల్నీ చిత్రించిన 16 మిల్లీమీటర్ల నిఘా ఫిల్ములు. ఇవి నగర పురపాలక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కొన్ని డిజిటల్ రూపంలో ఇంటి నుంచే చూడవచ్చు. ఎక్కువ భాగం మూకీలే. నినాదం వినిపించదు, ప్లకార్డు మాత్రం కనిపిస్తుంది.

కొత్తగా చూసేవాళ్లు నేరుగా జనంలోకి వెళ్లిపోతారు. ఎవరు నడుస్తున్నారు, ఎంతమంది, ప్రముఖులెవరైనా ఉన్నారా అని వెతుకుతారు. ఆ ప్రశ్నలు తర్వాత. ముందు తెలుసుకోవలసింది కెమెరా పట్టుకున్న మనిషి సంగతి. అతను తెర మీద ఎక్కడా కనిపించడు, అయినా ప్రతి ఫ్రేములోనూ ఉంటాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 40 ఫ్రేములు. వంద అడుగుల చుట్టలో 4,000. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో తీస్తే ఆ చుట్ట 2 నిమిషాల 46 సెకన్లకు అయిపోతుంది. స్ప్రింగుకు కీ ఇచ్చి నడిపే కెమెరా అయితే ఒక్క బిగువున సాధారణంగా అర నిమిషం ప్రాంతం ఆడుతుంది. ఊరేగింపు మూడు గంటలు సాగవచ్చు. చేతిలో ఉన్నది మాత్రం కొన్ని నిమిషాల ఫిల్ము. అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ ‘ఇది పై అధికారికి చూపించాలి’ అని ఆ మనిషి అనుకున్నట్టే. నొక్కకుండా వదిలేసిన గంటల్లోనే ఊరేగింపులో ఎక్కువ భాగం జరిగిపోయి ఉంటుంది. ఇప్పటి ఫోను వీడియోలకు అలవాటుపడిన మనకు ఈ పొదుపు తట్టదు. అందుకే ఈ లెక్కను నోట్సు మొదటి పేజీలో రాసుకోండి.

పత్రికల వాళ్లు, టీవీ వాళ్లు తీసిన ఫిల్ముతో పోల్చితే తేడా తెలుస్తుంది. వార్తా కెమెరాకు సంఘటన కావాలి: వేదిక, ప్రసంగం, తోపులాట. పోలీసు కెమెరా వేదికను ఒకసారి చూసి వదిలేస్తుంది. ఆ తర్వాత వరుస వెంట మెల్లగా జరుగుతూ ఒక్కో ముఖం దగ్గర ఆగుతుంది. కరపత్రాలు పంచుతున్న యువతి మీద, పక్కకు తప్పుకుని మాట్లాడుకుంటున్న ఇద్దరి మీద, జనాన్ని దింపి వెళ్తున్న కారు నంబరు ప్లేటు మీద నిలుస్తుంది. ప్రసంగం రక్తి కట్టిన వేళ కెమెరా చెట్టు కింద నిలబడి రాసుకుంటున్న వాడి వైపు తిరిగిందంటే అది ఎవరికోసం తీసిన ఫిల్మో మీకు తెలిసిపోవాలి.

ఇక పద్ధతి. ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో సమయం, రెండో గడిలో కెమెరా చేసిన పని, మూడో గడిలో కనిపించిన దృశ్యం. ఫిల్ము మొదటిసారి చూసేటప్పుడు మొదటి రెండు గళ్లు మాత్రమే నింపండి. దృశ్యం గురించి ఒక్క మాటా రాయకండి. విసుగ్గా ఉంటుంది, కానీ ఈ పాఠంలో అసలు కసరత్తు ఇదే. అభ్యాసం కోసం నేను అల్లిన చిట్టా ఒకటి చూడండి:

0:00 – ఎత్తు నుంచి, కదలకుండా. 0:19 – అదే చోటు, దగ్గరికి లాగింది. 0:31 – కోత (షాటు తెగింది). 0:31 – నేల మీద, భుజం ఎత్తులో, ఎడమ నుంచి కుడికి. 0:44 – ఆగింది. 0:52 – ఇంకా అక్కడే. 0:53 – కోత.

దృశ్యం ఒక్కటి కూడా రాయకుండానే చాలా తెలిసింది. మొదట కెమెరా ఏదో మేడ మీదో కిటికీలోనో ఉంది, తర్వాత మనిషి కిందికి దిగాడు. లేదా అక్కడ ఇద్దరు కెమెరామన్లు ఉన్నారు. 0:44 నుంచి 0:53 వరకు ఒకే చోట నిలిచిన తొమ్మిది సెకన్లు చాలా ఖరీదైనవి. రెండోసారి చూసేటప్పుడు ముందుగా అక్కడికే వెళ్లండి. ఎదురుగా ఉన్నవాళ్లు కెమెరా వైపు చూస్తున్నారా? చూసి ముఖం తిప్పుకున్నారా, చెయ్యి ఊపారా? చూడనే లేదంటే ఆ మనిషి మఫ్టీలో ఉండవచ్చు, లేదా దూరం నుంచి తీస్తూ ఉండవచ్చు. ఈ రెండింటినీ విడదీయడానికి ముందువైపు వస్తువులు పనికొస్తాయి. ఫ్రేము అంచున మసకగా ఒక భుజమో టోపీయో అడ్డం వస్తే అతను గుంపులోనే ఉన్నాడు.

తర్వాత చోటు, కాలం. వీధి పేరు కనిపిస్తే సరే. అక్షరాలు చదవలేకపోయినా పలక పనికొస్తుంది. 1960ల నడుమ నుంచి న్యూయార్క్‌లో వీధి పలకలకు బరోను (నగరపు పెద్ద విభాగాన్ని) బట్టి రంగు ఉండేది: మాన్‌హటన్‌లో పసుపు మీద నలుపు, క్వీన్స్‌లో తెలుపు మీద నీలం, బ్రాంక్స్‌లో నీలం మీద తెలుపు, బ్రూక్లిన్‌లో నలుపు మీద తెలుపు. నలుపు తెలుపు ఫిల్ములో ఇవి రెండు జట్లుగా కనిపిస్తాయి. లేత పలక మీద ముదురు అక్షరాలుంటే బ్రూక్లిన్, బ్రాంక్స్ కావు.

కారు నంబరు ప్లేట్లు ఇంకా నమ్మకమైన సాక్షులు. ‘వరల్డ్స్ ఫెయిర్’ అని అచ్చయిన ప్లేటు 1964–65 నాటిది. 1966లో నీలం మీద పసుపు అక్షరాలు వచ్చాయి, 1973లో రంగులు తారుమారయ్యాయి. ఒక్క ప్లేటు చూసి తేదీ వేయకండి, పాత ప్లేటుతో, పొరుగు రాష్ట్రపు ప్లేటుతో తిరిగే కార్లూ ఉంటాయి. వీధిలో ఉన్నవన్నీ చూడండి. ఫిఫ్త్ అవెన్యూ అయితే నాకు ఇష్టమైన ఆధారం మరొకటి ఉంది: 1966 జనవరి 14 నుంచి అది దక్షిణం వైపు మాత్రమే వెళ్లే ఏకదిశ రోడ్డు. ఊరేగింపు రాకముందు రెండు వైపులా బస్సులు తిరుగుతుంటే ఆ తేదీకి ముందు తీసినదే.

నీడల్ని కూడా వదలకండి. మాన్‌హటన్ అవెన్యూలు ఉత్తరం నుంచి దాదాపు 29 డిగ్రీలు తూర్పుకు ఒరిగి ఉంటాయి. కాబట్టి నీడలు సరిగ్గా అవెన్యూ వెంటే పడుతున్నాయంటే మిట్టమధ్యాహ్నం దాటి కొంతసేపయింది.

ఒక హద్దు మాత్రం పాటించండి. గుంపులోని మామూలు మనుషుల ముఖాలకు పేర్లు పెట్టే ప్రయత్నం చేయవద్దు. ఆ పని కోసమే పోలీసులు ఈ ఫిల్ములు తీయించారు. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన 21 మందిపై పెట్టిన కేసులో నిందితులు 1971 మేలో నిర్దోషులుగా బయటపడ్డారు. అదే ఏడాది పోలీసు నిఘాకు వ్యతిరేకంగా, న్యాయవాది బార్బరా హాండ్‌షూ పేరుతో హాండ్‌షూ దావా పడింది. 1985లో కుదిరిన రాజీతో రాజకీయ నిఘాకు నియమాలు వచ్చాయి. ఆ ఫిల్ములోని వాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, చాలామందికి తమను చిత్రించారన్న సంగతే తెలియకపోవచ్చు. మీ నోట్సులో ‘కరపత్రాలు పంచుతున్న స్త్రీ’ అంటే సరిపోతుంది. చీటీ మీద పోలీసులు రాసిన పేరును అసలే నమ్మకండి.

ఈ వారం అభ్యాసం: రెండు మూడు నిమిషాలు మించని ఫిల్ము ఒకటి ఎంచుకోండి. మొదటిసారి మొదటి రెండు గళ్లు, మరుసటి రోజు మూడో గడి నింపండి. తర్వాత కెమెరా ఎక్కువసేపు ఆగిన మూడు చోట్లు గుర్తించి, ఒక్కోదాని పక్కన ‘ఇక్కడ ఎందుకు ఆగింది?’ అనే ప్రశ్నకు రెండేసి జవాబులు రాయండి. ఒక్క జవాబే తోస్తే మళ్లీ చూడండి.

వచ్చే పాఠంలో ఈ చిట్టాను మాన్‌హటన్‌లోని నల్లజాతివారి పేట హార్లెం నుంచి వెలువడే ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్ వారపత్రిక పక్కన పెడతాం. 1964 ఫిబ్రవరి 3న, బడుల్లో జాతి వేర్పాటుకు వ్యతిరేకంగా పౌరహక్కుల నాయకుడు బేయర్డ్ రస్టిన్ నిర్వహించిన బడుల బహిష్కరణలో 4 లక్షల 60 వేలకు పైగా పిల్లలు తరగతులకు వెళ్లలేదు. అలాంటి రోజున ఒక కెమెరాకు దొరికేది ఏదో ఒక బడి గేటు, కాసింత కాలిబాట. మిగతా నగరం కోసం పత్రిక తిరగేయాలి. ఆ వారం సంచికల్లో ఏదైనా మీకు దొరుకుతుందేమో ఈలోగా వెతికి పెట్టుకోండి.