సంతలో పారేసే కాబేజీ ఆకులతో చేపలకు పులిసిన మేత

పర్లాకిమిడి, గుణుపురం వైపు చెరువుల్లో బొచ్చె, శీలావతి పెంచే మనవాళ్లకు ఒక మాట. సంత ముగిశాక మిగిలే కాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు, గుమ్మడి తొక్కలు పారేయకండి. పులియబెట్టి మేతలో కలిపితే చేపకు తేలిగ్గా అరుగుతాయి, పేగుకూ మంచిది.

కుళ్లినవి, బూజు పట్టినవి ఏరేయండి. మందు కొట్టిన ఆకులు కదా, రెండు మూడు నీళ్లలో కడిగి, సన్నగా తరిగి, ఒక పూట నీడలో వాడనివ్వండి. 10 కిలోల ముక్కలకు 200 గ్రాముల బెల్లం, గ్లాసు పుల్లటి మజ్జిగ, తడి పీల్చడానికి 2 కిలోల తవుడు చాలు. మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పిడికిలితో అదిమి అదిమి నింపండి. కిటుకంతా అక్కడే ఉంది. గాలి లేకపోతే పెరుగును తోడుపెట్టే జాతి బ్యాక్టీరియా పెరిగి పులుపు పుడుతుంది, ఆ పులుపులో కుళ్లబెట్టేవి నిలవలేవు. రోజుకోసారి మూత కాస్త వదులు చేసి గ్యాస్ పోనివ్వండి.

వారానికి ఆకు పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంది, ఆవకాయ జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన వస్తుంది. కంపు కొట్టినా, నల్ల బూజు కనిపించినా చేపకు పెట్టొద్దు, మొత్తం ఎరువు గుంతలో వేసేయండి.

ఈ పులిసిన ఆకును తవుడు, వేరుశనగ చెక్క మేతలో పదో వంతుకు మించి కలపొద్దు. ఇది మందు కాదు. ఒంటిమీద పుండ్లు కనిపిస్తే వెంటనే మత్స్యశాఖ వాళ్లకు చూపించండి. మబ్బు పట్టి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న రోజున ఏ మేతా వేయొద్దు.