ఎండలు ముదరకముందే ఇసబ్‌గోల్ గురించి

మార్చి దాటితే మా మలక్‌పేట మెడికల్ షాపులో ఇసబ్‌గోల్ (నీళ్లలో ఉబ్బే పీచు ఉన్న గింజల పొట్టు) డబ్బాలు అడిగేవాళ్లు ఎక్కువవుతారు. చెమటకు ఒంట్లో నీరు పోతుంది, మోషన్ బిగుసుకుంటుంది. ఇసబ్‌గోల్ దీనికి బాగానే పనిచేస్తుంది. అయితే దాని పనంతా నీళ్లతోనే.

కిందటి ఏప్రిల్‌లో మా నాన్న రెండు చెంచాల పొట్టు పొడిగా నోట్లో వేసుకుని, పైన ఒక్క గుక్క నీళ్లు తాగారు. అది గొంతు దిగువన పట్టేసింది. ఉమ్మి కూడా మింగలేక, కళ్లు ఎర్రబడి, చివరికి వాంతి అయితే గానీ తేరుకోలేదు. ఆ సాయంత్రం స్టీలు గ్లాసులో ఒక చెంచా పొట్టు కలిపి ఆయన ముందు పెట్టాను. కాసేపటికే జావలా చిక్కబడి చెంచాను పట్టుకుంది. పేగులో జరగాల్సిన పని అదే. గొంతులో జరిగితే ప్రమాదం.

అందుకే మొదట ఒక్క చెంచాతోనే మొదలుపెట్టండి. పెద్ద గ్లాసు, అంటే 240 మి.లీ.కి తగ్గకుండా నీళ్లలో కలిపి, చిక్కబడేలోపే తాగేసి, పైన ఇంకో గ్లాసు తాగండి. వెంటనే నడుం వాల్చొద్దు. ఒకేసారి మోతాదు పెంచితే కడుపు ఉబ్బి గ్యాస్ పడుతుంది, నాలుగైదు రోజులకోసారి కొద్దిగా పెంచితే చాలు. ఆర్టీసీ బస్సులో దూరప్రయాణం ఉండి నీళ్లు తాగే వీల్లేని రోజు అసలు వేసుకోకండి.

ఈ జావ మాత్రలను కూడా పట్టి ఉంచుతుంది. మిగతా మందులకు రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉండాలి. భోజనం తర్వాత షుగర్ ఎక్కడాన్ని ఇది నెమ్మది చేస్తుంది, చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుంది. మంచి గుణాలే, కానీ షుగర్ మందు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పే మొదలుపెట్టాలి. కిడ్నీ, గుండె జబ్బుతో నీళ్లు కొలిచి తాగేవాళ్లు కూడా అంతే. నారింజ రుచి పొడుల్లో చాలావాటికి చక్కెర కలుపుతారు, డబ్బా వెనక చదవండి.

ఇలాంటి పీచే గోరుచిక్కుడులో, మెంతుల్లో, జామకాయలో ఉంది. ఎండాకాలం కూరల్లో వాటికి చోటిస్తే డబ్బా అవసరం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

కడుపునొప్పి, వాంతులు, మోషన్‌లో రక్తం, మింగడం కష్టం: వీటిలో ఏది ఉన్నా డబ్బా మూసేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. వేసుకున్నాక ఛాతీలో అడ్డుపడినట్టు ఉండి ఉమ్మి కూడా దిగకపోతే, ఇంకా నీళ్లు పోయొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.